అది కడుపు తీసే మాత్ర కాదు

మొన్న రాత్రి పదకొండింటికి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. పెళ్లయి ఏడాది. ముందురోజు కండోమ్ చిరిగిందట. అప్పటికే ముప్పై గంటలు దాటిపోయింది. "అక్కా, ఆ ఐ-పిల్ ట్యాబ్లెట్ వేసుకుంటే అబార్షన్ చేసుకున్నట్టే కదా? పాపం కదా? ఆయనేమో తర్వాత పిల్లలు పుట్టరేమో అని టెన్షన్ పడుతున్నారు" అంటూ ఏడ్చింది. ఎంటెక్ చదివిన పిల్ల. ముప్పై గంటలూ ఆ భయంలోనే గడిపేసింది. నాకు చాలా కోపం వచ్చింది, తన మీద కాదు. ఇన్నేళ్ల చదువులో ఈ ఒక్క విషయం ఎవరూ చెప్పనందుకు. తననడిగే ఇది రాస్తున్నాను.

భార్యాభర్తలు కలిసిన క్షణంలోనే గర్భం వచ్చేయదు. వీర్యకణాలు ఆడవాళ్ల ఒంట్లో ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. అండం మాత్రం విడుదలయ్యాక ఒక్క రోజుకు మించి నిలవదు. అంటే చాలాసార్లు వీర్యకణాలే ముందు చేరి అండం కోసం కాచుకుని ఉంటాయి. ఈ మాత్ర పనిచేసేది ఆ మధ్య సమయంలోనే. ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 లాంటి పేర్లతో దొరికే ట్యాబ్లెట్‌లో ఉండేది 1.5 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా ఎగిస్తేనే అండం బయటికొస్తుంది. ఆ ఎగసిపాటును ఈ మందు ఆపుతుంది, లేదా కొన్ని రోజులు వెనక్కి నెడుతుంది. ఈలోగా వీర్యకణాలు చనిపోతాయి. అంతే, ఇంకేమీ లేదు.

అండం అప్పటికే విడుదలైపోయి ఉంటే ఈ మాత్ర ఏమీ చేయలేదు. గర్భం నిలిచి ఉంటే దాన్ని తీయలేదు, ఆ బిడ్డకు హానీ చేయదు. అలాంటప్పుడు దీన్ని అబార్షన్ ట్యాబ్లెట్ అని ఎలా అంటారు? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా 2022 డిసెంబరులో ఈ మందు సమాచారపత్రాన్ని మార్చింది. పిండం గర్భాశయంలో అంటుకోవడాన్ని ఇది ఆపదని తేల్చి చెప్పింది. అబార్షన్‌కి వాడేవి మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్. అవి వేరే మందులు, డాక్టర్ పర్యవేక్షణలో వాడాల్సినవి. నెల తప్పాక ఐ-పిల్ వేసుకుని "ఇక భయం లేదు" అనుకునేవాళ్లూ ఉన్నారు. అలా వారాలు గడిచిపోతాయి. నాకు అన్నిటికంటే భయం వేసేది అదే.

ఇంకో అపోహ ఆ 72 అంకె తెచ్చిపెట్టింది. మూడు రోజులుంది కదా, రేపు చూద్దాం అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, రావాల్సిన గర్భాల్లో 24 గంటల్లోపు వేసుకుంటే 95 శాతం ఆగాయి. రెండో రోజు 85 శాతం, మూడో రోజు 58 శాతమే. ప్రతి గంటా లెక్కే. అలాంటి గంటల్ని మనం దేనికి ఖర్చు చేస్తున్నాం? మెడికల్ షాపు ముందు నలుగురు మగవాళ్లు కదిలేదాకా పక్కన నిలబడటానికి. "పెళ్లయిందా అమ్మా?" అని అడుగుతారేమోనన్న భయానికి. మన దేశంలో 2005 నుంచి దీనికి డాక్టర్ చీటీ అక్కర్లేదు. పెళ్లి గురించి అడిగే హక్కు కౌంటర్ వెనకున్న ఎవరికీ లేదు. మాత్రలు ఆశా కార్యకర్తల దగ్గర కూడా ఉంటాయి. ఆ సంగతి ఎన్ని ఊళ్లలో ఆడపిల్లలకు తెలుసు?

పిల్లలు పుట్టరన్నది శుద్ధ అబద్ధం. మందు కొద్ది రోజుల్లోనే ఒంట్లోంచి పోతుంది. వికారం, తలనొప్పి రావచ్చు. నెలసరి ఒక వారం ముందో వెనకో రావచ్చు. అంతకుమించి గర్భసంచికేమీ కాదు. దీనికి పూర్తిగా ఎదురు అపోహ కూడా ఉంది, ఒకసారి వేసుకుంటే ఆ నెలంతా సేఫ్ అని. కాదు! వెనక్కి వెళ్లిన అండం తర్వాత విడుదలవుతుంది, కాబట్టి నెలసరి వచ్చేదాకా కండోమ్ వాడాల్సిందే. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నవాళ్లకీ, కొన్ని ఫిట్స్ మందులు వాడేవాళ్లకీ, బరువు బాగా ఎక్కువున్నవాళ్లకీ ఇది సరిగా పనిచేయకపోవచ్చు. వాళ్లు డాక్టర్‌ని అడగాలి. ఐదు రోజుల్లోపు కాపర్-టీ వేయించుకుంటే అన్నిటికంటే గట్టి రక్షణ, ఆ తర్వాత ఏళ్ల తరబడి పనికొస్తుంది కూడా. ప్రతి నెలా ఈ మాత్ర మీదే ఆధారపడటం మంచిది కాదు. ప్రమాదమని కాదు, రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రలంత బాగా ఇది కాపాడలేదు కాబట్టి.

ఇదంతా ఆ రాత్రి ఫోన్‌లో చెప్పడానికి నాకు పట్టింది పది నిమిషాలు. మరిదిగారిని అప్పటికప్పుడు లేపి, రాత్రంతా తెరిచి ఉండే షాపుకి పంపించాను. ఆయన కూడా పాపం, నిజంగానే భయపడి ఉన్నారు. పన్నెండున్నరకి వేసుకున్నానని మెసేజ్ పెట్టింది. పొద్దున కాస్త వికారంగా ఉందంది, అంతే. వచ్చే గురువారం తన డేట్. ఆ పైన వారం దాటితే టెస్ట్ చేసుకోమన్నాను.