టీసీతో చేతులు దులుపుకొంటారా?

గంజాయితో పట్టుబడిన ఇంటర్ కుర్రాడికి సాయంత్రానికల్లా టీసీ. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కొన్ని కళాశాలలకు ఇది అలవాటైపోయింది. పోలీసులకు కబురు ఉండదు, డాక్టరుకు చూపించడం ఉండదు. ఇచ్ఛాపురం చెక్‌పోస్టులో, పలాస స్టేషన్లో ఎన్ని కిలోలు దొరికాయో పాఠకులు రోజూ చదువుతున్నదే. దొరకని సరుకు ఎవరి పిల్లల చేతికి చేరుతోందన్నదే మా బాధ.

మిగతా పిల్లలు చెడిపోతారని యాజమాన్యాలు అంటున్నాయి. నిజమే కావచ్చు. కానీ టీసీ తీసుకున్నవాడు ఇంకో కళాశాలలో చేరతాడు. సరుకు ఇచ్చినవాడు అదే గేటు బయట ఉంటాడు.

ఆ కుర్రాడి తలలో ఏం జరుగుతుందో చూడండి. మెదడులో ఒక కణం నుంచి ఇంకో కణానికి సందేశాలు వెళ్తుంటాయి. అందుకున్న కణం ఒక పదార్థాన్ని తయారుచేసి, పంపిన కణానికి 'ఇక చాలు' అని వెనక్కి చెబుతుంది. అలాంటి పదార్థం ఒకదాన్ని 1992లో కనుగొన్నవారు మన 'ఆనందం' అనే మాటతోనే దానికి ఆనందమైడ్ అని పేరు పెట్టారు. ఆ కబురు అందుకునే గ్రాహకం సీబీ1. తల్లి కడుపులో ఉండగా నాడీకణాల తీగలు ఎటు పెరగాలో చెప్పే సంకేతాల్లోనూ దీనికి పాత్ర ఉంది. నుదుటి వెనక భాగంలో, ముందువెనకలు ఆలోచించి ఆగడం నేర్పే చోట, ఈ అల్లిక 20 ఏళ్లు దాటినా పూర్తికాదు. గంజాయిలో మత్తెక్కించే పదార్థమైన టీహెచ్‌సీ సరిగ్గా ఆ గ్రాహకానికే అతుక్కుంటుంది. ఒళ్లు తయారుచేసుకునేది అవసరమైన చోట క్షణాలపాటు పనిచేసి కరిగిపోతుంది. టీహెచ్‌సీ గంటల తరబడి, అన్నిచోట్లా ఒకేసారి పనిచేస్తుంది. ఇంకా అల్లుకుంటున్న మెదడు దాన్ని ఎలా తట్టుకుంటుంది?

స్వీడన్‌లో సైన్యంలోకి పిలిచిన 45 వేలమందికి పైగా యువకులను 15 ఏళ్లు గమనించి, 1987లో ఫలితాలు ప్రకటించారు. అప్పటికే 50 సార్లకు మించి గంజాయి తాగినవారిలో స్కిజోఫ్రెనియా అనే తీవ్ర మానసిక వ్యాధి, తాగనివారితో పోలిస్తే, 6 రెట్లు కనిపించింది. ఇతర కారణాలు లెక్కలోకి తీసుకుంటే ఆ ముప్పు తగ్గింది గానీ పోలేదు. శివరాత్రికి సాధువులు తాగరా అని వాదించేవాళ్లు సాధువు వయసెంతో, ఈ కుర్రాడి వయసెంతో చూసుకోవాలి.

ఇంకో సంగతీ ఉంది. రోజూ తాగే పెద్దవాళ్లలో తగ్గిపోయిన సీబీ1 గ్రాహకాలు, నెలరోజులు మానేస్తే చాలావరకు తిరిగి కోలుకున్నట్టు స్కానింగుల్లో తేలింది. అంటే మాన్పించడం వృథా ప్రయాస కాదు. చికిత్సకు తనంతట తాను ముందుకొచ్చిన, మత్తుకు బానిసైనవాడికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్‌లో కేసు నుంచి రక్షణ కూడా ఇచ్చింది. టీసీ ఇచ్చి పంపితే ఆ దారి చూపేదెవరు? తండ్రి చెన్నైలో కూలిపనిలో ఉంటాడు. తల్లి పలాసలో జీడిపిక్కలు కొడుతుంటుంది. ఆమెకు చేతిలో కాగితం తప్ప ఏమీ అర్థం కాదు.

పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినవాడికి 7 ఏళ్ల వరకు కఠిన జైలుశిక్ష అని 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ చెబుతోంది. ఆ సెక్షన్ కింద కేసు పెట్టాలంటే ఎవరిచ్చారో కుర్రాడు చెప్పాలి. అతన్ని అడగాల్సిన రోజునే మీరు బయటికి పంపేస్తున్నారు. ప్రిన్సిపాళ్లూ, యాజమాన్యాలూ, ఆ టీసీతో మీరు కాపాడుతున్నది మీ పేరును కాదు, గేటు బయట ఉన్నవాణ్ని.