ఇంటికి పంపేయడం సాయమేనా?

ఒక మెసేజ్ చాలా రోజులుగా ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతోంది. యజమానులకు సలహాలాగా రాశారు. క్లుప్తంగా అందులో ఉన్నది ఇది: “మీ దగ్గర పనిచేసేవాళ్లకు క్యాన్సర్ వస్తే మొహమాటపడకండి, మర్యాదగా లెక్క తేల్చి ఇంటికి పంపండి. అది వాళ్ల మంచికే. పని టెన్షన్‌తో జబ్బు ముదురుతుంది. ఎప్పుడూ సెలవులే కాబట్టి పని నడవదు. పక్కన కూర్చునేవాళ్లకూ మంచిది కాదు. విషయం అందరికీ చెప్పేయండి, నాలుగు ఓదార్పు మాటలు దొరుకుతాయి. ఒకరికి వెసులుబాటు ఇస్తే రేపు అందరూ అడుగుతారు. ట్రీట్‌మెంట్ అయిపోయాక రమ్మనండి, అప్పుడు మామూలుగా చేసుకుంటారు.”

రాసినవాళ్లది చెడ్డ ఉద్దేశం అనుకోను. ఎందుకంటే మొదట్లో నేనూ దాదాపు ఇలాగే చేశాను. టీమ్‌ను నడిపే బాధ్యత కొత్తగా వచ్చిన రోజులు. ఒకావిడ వచ్చి తనకు రొమ్ము క్యాన్సర్ అని చెప్పింది. “మీరు పని సంగతి మర్చిపోండి, హాయిగా రెస్ట్ తీసుకోండి” అన్నాను. ఆ సాయంత్రమే ఆవిడ పనంతా ఇంకొకరికి అప్పగించాను. పెద్ద మేలు చేశాననుకున్నాను. నెల తిరక్కుండా ఆవిడ ఫోన్ చేసి అడిగిన మొదటి మాట, “సార్, నన్ను తీసేశారా?” అని. మీరేం చేద్దామనుకుంటున్నారు అని ఆవిణ్ణి ఒక్క ముక్క అడగలేదు నేను. ఈ మెసేజ్ కూడా ఎక్కడా అడగమని చెప్పదు.

ఇక ఒక్కో మాటా చూద్దాం.

“పని టెన్షన్‌తో జబ్బు ముదురుతుంది.” ఉద్యోగం చేసుకుంటే క్యాన్సర్ పెరుగుతుందని తేల్చిచెప్పే ఆధారం లేదు. పని మానితే జీతం ఆగుతుంది, చాలాచోట్ల ఉద్యోగంతో వచ్చే వైద్య బీమా కూడా పోతుంది, సరిగ్గా ఖర్చులు మీదపడే సమయంలో. ఆ టెన్షన్‌ను మెసేజ్ లెక్కలోకే తీసుకోలేదు. కొందరికి పూర్తి విశ్రాంతి కావాలి, నిజమే. కొందరికి రోజూ నాలుగు గంటలైనా రోగిగా కాకుండా మనిషిగా కూర్చునే చోటు కావాలి. ఎవరికి ఏది కావాలో బయటినుంచి చూసి చెప్పలేం.

“ఎప్పుడూ సెలవులే.” ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే యజమానులను నిజంగా భయపెట్టేది ఇదే. క్యాన్సర్ చికిత్సలో చాలా భాగం ముందే క్యాలెండర్ మీద ఉంటుంది. కీమో తరచుగా రెండు మూడు వారాలకోసారి ఇస్తారు. ఎక్కించిన తర్వాత కొద్దిరోజులు వికారం, నీరసం. చాలా మందుల విషయంలో ఒకటి రెండు వారాల మధ్య, రోగాలతో పోరాడే తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ తర్వాత మళ్లీ తేరుకుంటారు, అంతలో తర్వాతి డోసు. ఒకటి రెండు సైకిల్స్ అయ్యేసరికి తనకు ఏ రోజులు పనికొస్తాయో, ఏవి పనికిరావో చాలామందికి ఒక అంచనా వస్తుంది. రేడియేషన్ అయితే సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు. ఒక్కో రోజు మిషన్ కింద ఉండేది కొద్ది నిమిషాలే, రానూపోనూ సమయమే ఎక్కువ. పొద్దున్నే స్లాట్ దొరికితే పదకొండింటికి డ్యూటీలో కూర్చోగలిగేవాళ్లున్నారు. కాకపోతే రేడియేషన్ అలసట వారం వారం పేరుకుంటూ పోతుంది. మొదటి వారం బాగున్నారు కదా అని ఐదో వారం కూడా అలాగే ఉంటారనుకోవద్దు.

అందరికీ ఆస్పత్రి చుట్టూ తిరిగే చికిత్సే అనుకోవడమూ పాతబడింది. ఒక రకం రక్త క్యాన్సర్‌కు 2001లో ఇమాటినిబ్ అనే మాత్ర వచ్చాక, ఎంతోమంది ఇంట్లోనే రోజూ మందు వేసుకుంటూ ఏళ్ల తరబడి ఉద్యోగాలు చేస్తున్నారు. కొన్ని రొమ్ము క్యాన్సర్లలో ఆపరేషన్, కీమో అయ్యాక కూడా ఐదు నుంచి పదేళ్లు హార్మోన్ మాత్రలు వాడాలి. “ట్రీట్‌మెంట్ అయిపోయాక రమ్మనండి” అంటే వాళ్లను పదేళ్లాగి రమ్మనాలా?

కాబట్టి చేయాల్సింది మొత్తం సెలవా, అసలు లేదా అని తేల్చడం కాదు. నెలకోసారి కూర్చుని రాబోయే తేదీలు పెట్టుకోవడం. ఏ పనికి బ్యాకప్ ఎవరో రాసుకోవడం. ఫలానా రోజు లేవలేకపోతే ఎవరికి ఒక్క మెసేజ్ పెడితే చాలో ముందే చెప్పడం. సెలవులో ఉన్నప్పుడు ఆఫీసు సంగతులు తెలియాలా వద్దా అన్నది కూడా వాళ్లనే అడగాలి. రోజూ ఫోన్ చేస్తే వేధింపు, మూడు నెలలు పలకరించకపోతే వదిలేసినట్టు. పదిహేను రోజులకోసారా, నెలకోసారా అన్నది ఇద్దరూ కలిసి అనుకోవచ్చు.

“పక్కన కూర్చునేవాళ్లకు మంచిది కాదు.” ఇది శుద్ధ అబద్ధం. క్యాన్సర్ అంటుకోదు. కీమో మందు అవశేషాలు రెండు మూడు రోజులపాటు మూత్రం, వాంతి వంటివాటిలో ఉంటాయి కాబట్టి వాటిని శుభ్రం చేసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి. పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లకు ఏమీ కాదు. బయటినుంచి మిషన్‌తో రేడియేషన్ ఇచ్చిన మనిషి శరీరం నుంచి రేడియేషన్ రాదు. రేడియో అయోడిన్ లాంటి, ఒంట్లోకి వెళ్లి లోపలినుంచి రేడియేషన్ ఇచ్చే మందులు తీసుకున్నవాళ్లకు ఎన్ని రోజులు దూరంగా ఉండాలో ఆస్పత్రివాళ్లే చెప్పి పంపుతారు. అసలు ప్రమాదం తిరగేసి ఉంది. రోగనిరోధక శక్తి తగ్గిన మనిషికి జలుబుతో వచ్చిన పక్క సీటువాడే ముప్పు. ఇంటికి పంపాలంటే ముందు అతన్ని పంపండి.

“అందరికీ చెప్పేయండి.” వద్దు. జబ్బు ఎవరిదో విషయమూ వాళ్లదే. ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి, ఎవరు చెప్పాలి, ఏ మాటల్లో చెప్పాలి అని వాళ్లను అడిగి, అనుకున్న ముక్కే చెప్పండి. అమెరికా చట్టం ఉద్యోగుల వైద్య వివరాలను మామూలు ఫైల్లో కలపకుండా విడిగా, గోప్యంగా ఉంచమంటుంది. చట్టం లేనిచోట కూడా ఆ పద్ధతి మంచిదే. టీమ్‌కు నిజంగా తెలియాల్సింది పని ఎవరు చూస్తారన్నది, గడ్డ ఎక్కడన్నది కాదు.

“ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు.” అడగనివ్వండి. ప్రపంచంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు క్యాన్సర్ వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. 2022 ఒక్క ఏడాదే సుమారు 2 కోట్ల కొత్త కేసులు. అంటే ఇది ఎప్పుడో ఒకరికి చేసే దయ కాదు, రూలుగా రాసిపెట్టుకోవాల్సిన సంగతి. చాలా దేశాల చట్టాలు ఆ దారిలోనే ఉన్నాయి. బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టం ప్రకారం క్యాన్సర్ అని నిర్ధారణ అయిన రోజునుంచే ఆ మనిషికి వైకల్యం ఉన్నవాళ్లకిచ్చే రక్షణ వర్తిస్తుంది. ఆ కారణంతో “మర్యాదగా లెక్క తేల్చడం” అక్కడ కేసు అవుతుంది. మీ దేశంలో ఏముందో మెసేజ్ పాటించేముందు ఒక లాయర్‌ను అడగడం మంచిది.

ఖర్చు సంగతి మెసేజ్ పైకి అనలేదు కానీ లోపల ఉన్నది అదే. కావాల్సినవి చాలావరకు చిన్నవి. కొన్ని కీమో మందులతో వేళ్లు మొద్దుబారతాయి, సన్న మరలు బిగించే పని కొన్నాళ్లు మార్చాలి. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు తీసుకునేవాళ్లకు చల్లటిది తగిలితే చేతుల్లో సూదులు గుచ్చినట్టుంటుంది, వాళ్లను కోల్డ్ స్టోరేజీలో వేయకూడదు. పేగు ఆపరేషన్ అయి మలం పోవడానికి పొట్టకు సంచి ఉన్నవాళ్లకు గడియ సరిగా పడే టాయిలెట్ దగ్గర్లో సీటు కావాలి. గొంతు ఆపరేషన్ అయినవాళ్లను ఫోన్ల దగ్గరనుంచి మెయిల్స్ దగ్గరికి మార్చవచ్చు. కీమో తర్వాత చాలామంది జ్ఞాపకం మసకబారిందంటారు, అలాంటివాళ్లకు నోటితో చెప్పే పని రాసివ్వండి. వీటిలో దేనికి ఎంత ఖర్చు?

“ట్రీట్‌మెంట్ అయ్యాక మామూలుగా చేసుకుంటారు.” నాకు అన్నిటికంటే కోపం వచ్చేది ఈ మాట మీదే, వినడానికి ఆశగా ఉంటుంది కాబట్టి. చివరి కీమో అయిన మర్నాటినుంచి పాత మనిషి తిరిగిరాడు. అలసట నెలల తరబడి, కొందరికి ఏళ్లు ఉంటుంది, నిద్రపోతే తీరే రకం కాదు. జుట్టు వచ్చేస్తుంది, దాంతో చుట్టూ ఉన్నవాళ్లు అంతా అయిపోయిందనుకుంటారు. స్కాన్ ఉన్న వారం మనసు మనసులో ఉండదు. మొదటి రోజునుంచే పూర్తి షిఫ్టు వేస్తే చాలామంది కొద్దివారాల్లోనే మానేస్తారు, అప్పుడు “చూశారా, చేయలేరని చెప్పాం కదా” అంటారు. వారానికి మూడు సగం రోజులతో మొదలుపెట్టి మెల్లగా పెంచడం, మధ్యలో తగ్గించాల్సి వస్తే దాన్ని ఓటమిగా చూడకపోవడం, ఆ ఏడాది టార్గెట్లను తగ్గిన గంటలకు తగ్గట్టు మార్చడం కావాలి. గంటలు తగ్గించి టార్గెట్ అలాగే ఉంచడం నేను చాలా చూశాను. అమెరికా వైద్య పత్రిక జామాలో 2009లో వచ్చిన ఒక విశ్లేషణ 36 అధ్యయనాలను కలిపి చూస్తే, క్యాన్సర్ దాటినవాళ్లలో 33.8 శాతం మందికి ఉద్యోగం లేదు, క్యాన్సర్ రానివాళ్లలో అది 15.2 శాతం. ఆ తేడా అంతా ఒంట్లో ఓపిక లేక వచ్చిందంటే నేను నమ్మను.

మెసేజ్‌లో అసలు కనపడని మనిషి ఇంకొకరున్నారు. భార్యకో తండ్రికో బిడ్డకో క్యాన్సర్ అయి, తాను మాత్రం రోజూ డ్యూటీకి వస్తున్న ఉద్యోగి. అతను సెలవు అడిగితే “నీకేమైంది?” అంటారు. అడగకపోతే రాత్రంతా ఆస్పత్రి కుర్చీలో ఉండి పొద్దున మిషన్ ముందు నిలబడతాడు. కీమో తేదీలు అతనికీ ముందే తెలుసు. వచ్చే నెల షిఫ్టులు గోడకు అంటించేముందు అతన్ని పిలిచి, ఏ రోజులు వద్దో అడిగి, ఆ తర్వాత అంటిస్తే చాలు. మా దగ్గర ఇప్పుడు అలాగే చేస్తున్నాం. దానికి నెలకు పది నిమిషాలు పడుతోంది.