పంపు మీద పడ్డ అభాండం

1903లో రైట్ సోదరులు ఎగరేసిన విమానానికి పెట్రోలు పంపు లేదు. ట్యాంకు ఇంజనుకు ఎగువన ఉండేది, పెట్రోలు తన బరువుకు తానే కిందికి దిగి వచ్చేది. రెక్క నెత్తి మీద ఉండే చిన్న విమానాల్లో చాలావాటికి ఈనాటికీ అదే ఏర్పాటు. చీపురుపల్లి దగ్గర మూతబడిన ఒక రైస్ మిల్లులో సొంతంగా రెండు సీట్ల విమానం కట్టుకుంటున్న మా బావగారికి ఈ సంగతి తెలియదని కాదు. రెక్క కిందుంటేనే విమానానికి అందమని ఆయన తీర్మానించారు. దాంతో రెక్కలు కిందికి దిగాయి, వాటితోపాటు ట్యాంకులూ దిగాయి, పెట్రోలును మళ్ళీ పైకెక్కించడానికి రెండు పంపులు కావలసి వచ్చాయి. ఒకదాన్ని ఇంజనే నడుపుతుంది. రెండోది పన్నెండు వోల్టుల కరెంటుతో టకటకమంటూ పనిచేస్తుంది. మొదటిది మొరాయిస్తే ఆదుకోవడానికి రెండోది ఉంటుందన్న మాట. రెండూ ఒకేసారి మొరాయించినట్టు కనిపిస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

ఈ విమానం ఇంతవరకు నేల విడవలేదని ముందే మనవి చేసుకోవాలి. దేశంలో విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ అనుమతి లేనిదే సొంత తయారీ విమానం గాలిలోకి లేవరాదు. బావగారు రైల్వేలో గార్డుగా పనిచేసి విరమించిన మనిషి కనుక, జెండా ఊపనిదే బండి కదలకూడదన్నది ఆయన రక్తంలోనే ఉంది. అందుచేత ధాన్యం ఎండబోసే గచ్చు మీద విమానాన్ని నిలిపి, చక్రాలకు దుంగలు అడ్డం పెట్టి, తోకను చింతచెట్టుకు మోకుతో కట్టి, ఇంజనును మాత్రం నడిపి చూసేవారు. మంటలార్పే సిలిండరు పట్టుకుని దూరంగా నిలబడే ఉద్యోగం నాది. ఊళ్ళో పిల్లలు దీనికి ‘కట్టేసిన విమానం’ అని పేరు పెట్టారు. ఆ పేరులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

ఇంజను ఎనభై హార్స్‌పవరు రోటాక్స్ 912. దానికి అందే పెట్రోలు పీడనం 0.15 నుంచి 0.4 బార్ మధ్య ఉండాలి. మొదట అంతా సవ్యంగానే సాగేది. పది పన్నెండు నిమిషాలు గడిచేసరికి ముల్లు మెల్లగా కిందికి జారడం, ఇంజను దగ్గడం, రెండో పంపు వేసినా కాసేపు ప్రాణం నిలుపుకుని ఆగిపోవడం మొదలైంది. ఆగిన మరుక్షణం గచ్చు మీద వైద్యమండలి సమావేశమయ్యేది. చిన్న ఊళ్ళో రోగికి కొరత ఉండవచ్చు గాని వైద్యులకు ఏనాడూ ఉండదు.

మొదట జంక్షన్‌లోని మెకానిక్ వచ్చాడు. “పంపు పోనాదండి, మరి పని సెయ్యదు,” అని చూడకుండానే తేల్చేశాడు. కరెంటు పంపు విప్పి కొత్తది బిగించాడు. ఇంజను చక్కగా నడిచింది, అతడు డబ్బు తీసుకుని వెళ్ళాడు. మళ్ళీ నడిపితే మళ్ళీ అదే దగ్గు. తర్వాత మిల్లు మోటార్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూసి, పంపు దాకా వచ్చేసరికి వోల్టేజి పడిపోతోందని, ఎర్తు వైరు మార్చాడు. ఇంజను చక్కగా నడిచింది, తర్వాత ఆగింది. ఇంజనీరింగు చదువుతున్న మా మేనల్లుడు ఇది వేపర్ లాక్ అన్నాడు. పంపు తోసే వైపు కంటే పీల్చే వైపు పెట్రోలు సులువుగా ఆవిరవుతుందని, ఎండాకాలంలో ఆ ఆవిరి బుడగలే పంపుకు చిక్కి గొట్టంలో ద్రవం కదలదని వివరించి, గొట్టానికి వేడి సోకకుండా తొడుగు చుట్టాడు. అబ్బాయి చెప్పిన శాస్త్రం నూటికి నూరుపాళ్ళు నిజం. జబ్బు మాత్రం అది కాదు. మిల్లు కాపలాదారు పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్‌ను తిట్టి, దానితో ఆగక ప్రొపెల్లరుకు దిష్టి తీసి నిమ్మకాయ కట్టాడు. నిమ్మకాయకు కూడా ఇంజను నడిచింది! మెకానిక్ పంపు కంటే ఒక నిమిషం ఎక్కువే నడిచిందని కాపలాదారు ఈనాటికీ చెప్పుకుంటాడు.

బావగారు ఈ గోలకు లొంగకుండా లెక్క ప్రకారం పరీక్ష పెట్టారు. పంపుతో నడిచే విమానానికి, ఇంజను గరిష్ఠ శక్తి దగ్గర తాగే దానికంటే పాతిక శాతం ఎక్కువ పెట్రోలు అందాలన్నది విమానాలు కట్టేవారు పాటించే నియమం. ఈ ఇంజను గరిష్ఠంగా గంటకు సుమారు ఇరవై నాలుగు లీటర్లు తాగుతుంది కాబట్టి ముప్ఫై లీటర్లు రావాలి, అంటే నిమిషానికి అర లీటరు. ట్యాంకు నింపి, కార్బ్యురేటరు దగ్గర గొట్టం ఊడదీసి కొలపాత్రలో పట్టగా, నిమిషం తిరగకముందే అర లీటరు గీత దాటింది. పంపు నిర్దోషి అని తేలింది. కానీ మర్నాడు అదే పంపు మళ్ళీ దోషిగా నిలబడింది.

ఆయన గార్డుగా ఉన్ననాళ్ళూ బండి ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఎన్ని నిమిషాలు ఆగింది అని రాసిన చెయ్యి ఊరికే ఉండదు కనుక, విమానానికీ ఒక పుస్తకం పెట్టారు. ఒక సాయంత్రం దాన్ని మొదటి నుంచీ చదువుతూ హఠాత్తుగా వేలు ఆపారు. పంపు మార్చిన రోజు, “ట్యాంకు మూత తీసి పెట్రోలు చూడడమైనది.” వైరు మార్చిన రోజు, “మూత తీసి పెట్రోలు చూడడమైనది.” తొడుగు చుట్టినరోజూ అంతే, నిమ్మకాయ కట్టినరోజూ అంతే. పెట్రోలు ఉందో లేదో చూడనిదే ఏ వైద్యుడూ నాడి పట్టలేదు. మూత తీసిన ప్రతిసారీ బుస్సుమని గాలి చప్పుడు, వెంటనే రెక్కలోంచి డబ్బుమని మరో చప్పుడు వచ్చేవి. ఎడమ ట్యాంకు రేకు లోపలికి నొక్కుకుపోయి, మూత తీయగానే తిరిగి పొంగే శబ్దమది. మేమందరం వింటూనే ఉన్నాం. ట్యాంకు కొత్తది, సర్దుకుంటోందని అనుకున్నాం.

ఇంతలో టీ తెచ్చిన మా అక్క, విషయం విని, “నూనె డబ్బాకి ఒక్క కన్నమే పెడితే నూనె రాదని మీలో ఎవరికీ తెలీదా?” అని అడిగి, గ్లాసులు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆ ప్రశ్నకు అక్కడున్న ఇంజనీరింగు విద్యార్థితో సహా ఎవరి దగ్గరా జవాబు లేదు. ఖర్చయిన పెట్రోలు స్థానంలోకి గాలి రావాలి, రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడుతుంది, ఆ శూన్యంతో ఏ పంపూ ఎంతోసేపు పోరాడలేదు. కుడి ట్యాంకు ఇంకా కలపలేదు కాబట్టి దానికి మార్చి చూసే వీలూ లేకపోయింది.

గాలి కోసం రెక్క అడుగున ముందుకు వంచి పెట్టిన సన్నని అల్యూమినియం గొట్టం ఉంది. బావగారు వెల్లకిలా పడుకుని అందులోకి సైకిలు పుల్ల దూర్చారు. మొదట ఎర్రమట్టి పొడి రాలింది, తర్వాత మట్టి పెళ్ళ ఊడింది, దాని వెనుకే రెండు సన్నని పచ్చ పురుగులు ఆయన కళ్ళద్దాల మీద పడ్డాయి. కందిరీగ గొట్టం కొలత సరిగ్గా చూసుకుని, పిల్లల కోసం పురుగులను దాచి, మూతికి మట్టి మెత్తి సీలు వేసింది. ఆ పనితనం చూసి బావగారు కోప్పడలేకపోయారు. తాను బిగించిన ఏ కీలూ అంత బిగువుగా కుదరలేదని మాత్రం అన్నారు.

గొట్టం శుభ్రం చేశాక ఇంజను గంటసేపు ఏకధాటిగా నడిచింది, ముల్లు కదలలేదు. ఇప్పుడు గొట్టం మూతికి సన్నని జాలీ ఉంది, నడపకముందు చూడవలసిన వాటి పట్టికలో మొదటి పంక్తి దానిదే. పంపు పాతదే బాగుంది కదా, తిరిగి ఇమ్మని మెకానిక్‌ను అడగడానికి నేను జంక్షన్‌కు వెళ్ళాను. అతడు దాన్ని తన పాత మారుతి వ్యానుకు ఎప్పుడో బిగించేసుకున్నాడు. తాళం తిప్పగానే అదే టకటక వినిపించింది. “పోయిన పంపని సెప్పేను గదండి, ఎలాగో బాగుసేసుకున్నాను,” అంటూ అతడు గేరు వేసి వెళ్ళిపోయాడు.