నాలుగో రోజు సీఆర్‌పీ: దోషిని పట్టదు, భరోసా ఇస్తుంది

పోయినేడు మా చిన్నాన్నకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. హైదరాబాద్‌లో ఆరు రోజులు ఉంచి ఇంటికి పంపారు. మరో రెండు రోజులకు ఊళ్లో ల్యాబ్‌లో సీఆర్‌పీ (సి-రియాక్టివ్ ప్రొటీన్, ఒంట్లో గాయమో ఇన్‌ఫెక్షనో ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) పరీక్ష చేయించి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, అక్కడ సీఆర్‌పీ 14.8 ఉండె. ఇక్కడ 62 అంటున్నారు. నాలుగింతలైంది. బాపును మళ్లీ కారెక్కించాలా?" రెండు కాగితాలూ వాట్సాప్‌లో పెట్టమన్నాను. మొదటి ల్యాబ్ డెసిలీటరు లెక్కన ఇచ్చింది, రెండోది లీటరు లెక్కన. అంటే ఆ 14.8 అసలు 148. అది 62కు దిగింది. జ్వరముందా, పొట్ట ఉబ్బిందా అని అడిగితే, "లేదన్నా, ఇప్పుడే రెండు ఇడ్లీలు తిన్నాడు" అన్నాడు.

2021లో కోవిడ్ రెండో వేవ్ పుణ్యమా అని సీఆర్‌పీ, డీ-డైమర్ లాంటి రక్తపరీక్షల పేర్లు మన ఇళ్లలో నోటికొచ్చేశాయి. పేరు తెలిసింది కానీ అంకెను చదవడం రాలేదు. క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత రాబోయే సమస్యను రక్తపరీక్షతో ముందే చెప్పేయవచ్చన్న వార్తలు కనిపించినప్పుడల్లా నాకు ఆ ఫోన్ గుర్తొస్తుంది. చెప్పవచ్చన్నది సగమే నిజం.

సీఆర్‌పీ కొత్తదేమీ కాదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని గమనించారు. ఒంట్లో ఎక్కడైనా గాయమో ఇన్‌ఫెక్షనో అయితే ఇంటర్‌ల్యూకిన్-6 అనే కబురు కాలేయానికి అందుతుంది, కాలేయం సీఆర్‌పీని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో లీటరుకు 5 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. కడుపు కోసి పెద్ద ఆపరేషన్ చేస్తే రెండు మూడు రోజుల్లో వంద దాటడం మామూలే. డాక్టర్ కత్తి పెట్టినా గాయం గాయమే కదా. అసలు విషయం ఆ తర్వాత ఉంది. సీఆర్‌పీ సగానికి తగ్గడానికి సుమారు 19 గంటలు చాలు. లోపల కొత్తగా మంట రాజుకోకపోతే మూడో రోజు నుంచి అంకె దిగుతూ రావాలి.

పేగు క్యాన్సర్ సర్జన్లకు ఇది ఎందుకంత ముఖ్యం? గడ్డ ఉన్న ముక్క తీసేసి రెండు కొసల్నీ కలిపి కుడతారు. ఆ అతుకు దగ్గర లీకైతే మలం కడుపులోకి చేరుతుంది. ప్రాణం మీదికొస్తుంది. బతికి బయటపడ్డా మళ్లీ ఆపరేషన్, మలం పోవడానికి పొట్ట మీద సంచి, కీమో వాయిదా. లీకు చాలాసార్లు అయిదో రోజు దాటాకే బయటపడుతుంది. ఇప్పుడేమో రోగిని త్వరగా లేపి నడిపించి, నాలుగైదు రోజుల్లో ఇంటికి పంపే పద్ధతి వచ్చింది. జబ్బు బయటపడే రోజుకు మనిషి ఆస్పత్రిలో ఉండడు.

ఇక్కడే సీఆర్‌పీ రంగంలోకి దిగింది. దాదాపు 2,500 మంది రోగులున్న ఏడు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణ 2014లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో వచ్చింది. మూడో రోజు 172, నాలుగో రోజు 124, అయిదో రోజు 144 అని అది గీతలు గీసింది. గీత కింద ఉంటే లీకు లేదనే మాట 97 శాతం నిజమవుతుందని తేల్చింది. గీత దాటినవాళ్లలో మాత్రం అయిదుగురిలో ఒకరికే నిజంగా లీకైంది. మిగతా నలుగురికీ ఊపిరితిత్తుల్లో నిమ్మో, కుట్టు దగ్గర చీమో ఉండొచ్చు, ఏమీ లేకపోనూవచ్చు.

ఆ 97 శాతాన్ని చూసి మురిసిపోయేవాళ్లకు ఒక చిన్న లెక్క. వందమందిలో తొమ్మిదిమందికి లీకయ్యే చోట, ఏ పరీక్షా చేయకుండా కళ్లు మూసుకుని అందరికీ "లీకు లేదు" అన్నా 91 సార్లు మన మాటే నిజమవుతుంది. పరీక్ష వల్ల పెరిగింది 91 నుంచి 97కే. దాన్ని తక్కువ చేయడం లేదు. అది కలిపిన ఆ ఆరే మనిషిని ధైర్యంగా ఇంటికి పంపడానికి ఆధారం. అయితే ఇది జోస్యం కాదు, మంచి భరోసా మాత్రమే.

నా దృష్టిలో అంకె కన్నా దాని నడక ముఖ్యం. నాలుగో రోజు ఇద్దరికీ 130 ఉందనుకుందాం. ఒకరికి అది 210 నుంచి దిగింది, ఇంకొకరికి 75 నుంచి ఎక్కింది. గీత ఇద్దరినీ ఒకే గాటన కడుతుంది. చిన్న రంధ్రాలతో చేసే ల్యాప్రోస్కోపీ ఆపరేషన్‌లో సీఆర్‌పీ మొదటినుంచే తక్కువగా పెరుగుతుంది. వాంతులు కాకుండా మత్తు డాక్టర్ ఇచ్చే డెక్సామెథసోన్ దాన్ని అణుస్తుంది. కాలేయం పాడైనవాళ్లలో పెరగాల్సినంత పెరగదు. అందుకే 833 మందిపై చేసి 2020లో ప్రచురించిన ప్రెడిక్ట్ అధ్యయనం గీతను పక్కనపెట్టి, ఆపరేషన్ తర్వాత ఏ రెండు రోజుల మధ్యనైనా 50కి మించి ఎగబాకిందా అని చూసింది. మంచి సర్జన్లు రౌండ్స్‌లో ఎప్పటినుంచో చేస్తున్నదీ దాదాపు ఇదే. కేస్‌షీట్ వెనక్కి తిప్పి నిన్నటిదెంత, మొన్నటిదెంత అని చూస్తారు. తర్వాత నాడి పట్టుకుంటారు. నాడి 110 కొడుతుంటే సీఆర్‌పీ ఎంత ముద్దుగా ఉన్నా డిశ్చార్జ్ రాయరు.

ఇలాంటి పరీక్షలు ఇంకా ఉన్నాయి: బ్యాక్టీరియా ఇన్‌ఫెక్షన్‌లో పెరిగే ప్రోకాల్సిటోనిన్, తెల్లకణాల నిష్పత్తి, సీఆర్‌పీతో పాటు అల్బుమిన్ అనే మరో రక్త ప్రొటీన్‌నూ చూసే గ్లాస్గో స్కోరు. గ్లాస్గో స్కోరు ఆపరేషన్‌కు ముందు రోగి సత్తువను అంచనా వేయడానికి పనికొస్తుంది. లీకు వెతకడం దాని పని కాదు. ప్రోకాల్సిటోనిన్ ఖరీదు. సీఆర్‌పీ చిన్న పట్టణంలోనూ వందల రూపాయల్లో అయిపోతుంది.

ఆ చివరి మాట మనకు ముఖ్యం. ఆసిఫాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో పెద్ద నగరానికొచ్చి ఆపరేషన్ చేయించుకున్న మనిషి, ఇంటికెళ్లాక లీకైతే సీటీ స్కాన్‌కు, సర్జన్‌కు ఎన్ని గంటల దూరంలో ఉంటాడు? ఆస్పత్రి పక్క వీధిలో ఉండేవాడికీ ఇతనికీ ఒకే గీత సరిపోదు. దూరం నుంచి వచ్చినవాడి అంకె ఎటూ తేలకుండా ఊగుతుంటే ఇంకో రోజు ఉంచుకుని మళ్లీ పరీక్ష చేయాలి. ఆపరేషన్ ప్యాకేజీలో ఆ అదనపు రోజుకు చోటుండాలి.

చిన్నాన్న డిశ్చార్జ్ సమ్మరీ నాలుగు పేజీలు. గ్యాస్ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కూడా రాశారు. సీఆర్‌పీ దగ్గర ఒకటే అంకె. ఏ రోజుదో లేదు, యూనిట్ లేదు. రోజువారీ అంకెలు తమ్ముడు ఆస్పత్రికి ఫోన్ చేసి అడిగి, ఆ సమ్మరీ మీదే పెన్నుతో రాసుకున్నాడు: 188, 171, 148.