పని రకాన్ని మోడల్‌లో పెట్టి, వివక్ష లేదని రాయకండి

వరి పొలంలో నాట్లు, కలుపు ఎక్కువగా ఆడవాళ్ళ పని. దుక్కి, గట్లు చెక్కడం, మందు కొట్టడం మగవాళ్ళ పని. కూలి పనిని బట్టి కడతారు. ఈ డేటా మీద రిగ్రెషన్ (కూలి మీద ఒక్కో అంశం ప్రభావాన్ని విడిగా అంచనా వేసే లెక్క, దాన్నే మోడల్ అంటున్నా) వేసి చదువు, వయసు, జిల్లాతో పాటు పని రకాన్నీ పెట్టారనుకోండి, ఆడ మగ కూలి తేడా బాగా తగ్గిపోతుంది. దాన్ని చూపించి "వివక్ష లేదు" అని రాసేస్తుంటే ఒళ్ళు మండుతుంది. ఎవరికి ఏ పని ఇస్తారన్న దగ్గరే అన్యాయం ఉంటే, ఒకే పని చేసేవాళ్ళనే పోల్చి కొలిస్తే ఏం కనిపిస్తుంది? పని రకం పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి వేసి, రెండూ పక్కపక్కన చూపించండి.

కూలి తేడాని విడగొట్టడానికి 1973లో ఆర్థికవేత్తలు వహాకా, బ్లైండర్ ఎవరికి వారు ఇచ్చిన పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ లాగ్ కూలి (కూలికి సహజ లాగరిథమ్) మీద విడివిడిగా రిగ్రెషన్ వేసి, సగటు తేడాని చదువు, అనుభవం లాంటివాటి వల్ల వచ్చినది, మిగిలినది అని విడగొడతారు. ఆ మిగిలినదంతా వివక్ష కాదు, కొలవని నైపుణ్యమూ అందులోనే ఉంటుంది. మగవాళ్ళ గుణకాలు (ఒక్కో అంశానికి రిగ్రెషన్ ఇచ్చే అంకెలు) వాడితే ఒక వాటా, ఆడవాళ్ళవి వాడితే ఇంకో వాటా వస్తుంది. ఏవి వాడారో చెప్పకుండా శాతం ఇస్తే ఆ శాతానికి అర్థం లేదు.

లాగ్ తేడా 0.30 అంటే 30 శాతం అని రాసేస్తారు. నిజానికి మగవాళ్ళ కూలి 35 శాతం ఎక్కువ, లేదా ఆడవాళ్ళది 26 శాతం తక్కువ. ఇవి లాగ్ సగటుల నుంచి వచ్చినవి, రూపాయల సగటుల నిష్పత్తి వేరేగా ఉండొచ్చు.

పీఎల్ఎఫ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉపాధి సర్వే) డేటా వాడేవాళ్ళు ఒకటి చూసుకోవాలి. రోజు కూలీల సంపాదన గత ఏడు రోజుల్లో రోజువారీగా, జీతగాళ్ళది గత నెలకి అడుగుతారు. గంటలకో రోజులకో మార్చకుండా కలిపేస్తే తేడా అంతా తప్పే. మల్టిప్లయర్లు (సర్వేలో ఒక్కొక్కరు ఎంతమందికి లెక్కో చెప్పే బరువులు) వాడాలి, స్టాండర్డ్ ఎర్రర్‌ని (అంచనా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత) సర్వేకి ఎంచుకున్న ఊరు లేదా పట్నం బ్లాకు స్థాయిలో క్లస్టర్ చేయాలి, అంటే ఒకే చోటివాళ్ళు ఒకేలా ఉండొచ్చని లెక్కలోకి తీసుకోవాలి.

ఇక పల్లెల్లో లాగ్ తేడా 0.35, పట్నంలో 0.25 అనుకుందాం, రెండింటికీ స్టాండర్డ్ ఎర్రర్ 0.05. విడిగా రెండూ గట్టివే. కానీ వాటి మధ్య తేడా 0.10, దాని ఎర్రర్ 0.07 (రెండు ఎర్రర్ల వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే). అంటే టీ విలువ (తేడాని ఎర్రర్‌తో భాగిస్తే వచ్చేది) 1.4, మామూలుగా అడిగే 2 కంటే తక్కువ. పల్లెల్లో అన్యాయం ఎక్కువని ఈ లెక్కతో రాయలేం. ఒకే మోడల్‌లో ఆడ, పల్లె ఇంటరాక్షన్ (రెండూ కలిసినప్పుడు వచ్చే అదనపు తేడా) పెట్టి ఆ గుణకాన్నే పరీక్షించండి.