శుక్రవారం గారూ, కాస్త మంగళవారాన్ని కూడా బతకనివ్వండి

శ్రీ శుక్రవారం గారి దివ్యసముఖానికి,

హైదరాబాద్ విద్యానగర్ నుంచి ఒక మామూలు ప్రేక్షకుడు రాసుకుంటున్న ఉత్తరం. మీరు కులాసాగానే ఉంటారని తెలుసు, వారం వారం కొత్త పోస్టరు కట్టుకుని ఊరేగేవారికి ఏం లోటు గనక.

మీ గురించి మా ఇంట్లో చెప్పేది ఒకటి, మీరు చేసేది ఒకటి. శుక్రవారం పూట డబ్బు ఇల్లు దాటకూడదు, లక్ష్మి వెళ్ళిపోతుంది అంటుంది మా అమ్మమ్మ. పాలవాడు వచ్చి నిలబడినా రేపు రా నాయనా అని పంపించేస్తుంది. అదే ఇంట్లో, అదే పొద్దున, మా తమ్ముడు మంచం దిగకుండానే నలుగురికి మార్నింగ్ షో టికెట్లు బుక్ చేస్తాడు, దాని మీద యాప్ వాడి ఫీజు, దాని మీద జీఎస్టీ, ఇంటర్వెల్లో పాప్‌కార్న్‌కి ముందే ఇంకో కూపను. అమ్మమ్మకి చప్పుడు కూడా వినపడదు. ఫోన్లోంచి పోయేది లక్ష్మి కిందకి రాదని మీరూ మా తమ్ముడూ కలిసి ఏదో ఒప్పందం చేసుకున్నట్టున్నారు.

సరే, అది మా ఇంటి గోల. అసలు సంగతేంటంటే, వారానికి ఏడు రోజులని చిన్నప్పుడు చదువుకున్నాం కానీ ఈ ఊళ్ళో వినోదం విషయానికొస్తే ఒక్కటే రోజు, అది మీరు. తెలుగు సినిమా మీదే, హిందీ మీదే, ఇంగ్లీషు మీదే, తమిళం నుంచి డబ్బింగయి వచ్చేది మీదే, ఇంట్లో కూర్చుని చూద్దామంటే ఓటీటీ వాళ్ళు కూడా చాలావరకు మిమ్మల్నే నమ్ముకున్నారు. ఆఖరికి ఇరవై ఏళ్ళనాటి సినిమాని రీరిలీజ్ చేసినా, హీరో పుట్టినరోజు అడ్డురాకపోతే, మీ చెంతకే చేరుస్తారు.

పోనీ అంతా మీ చేతిలో ఉన్నప్పుడు మీరైనా సుఖపడుతున్నారా అంటే అదీ లేదు. పెద్ద సినిమా అయితే గురువారం రాత్రే ప్రీమియర్లు పడిపోతాయి, అమెరికాలో మనవాళ్ళు చూసేసి, మనం పళ్ళు తోముకునేలోపు ఫస్టాఫ్ ఓకే, సెకండాఫ్ ల్యాగ్ అని తీర్పు చెప్పేస్తారు. అంటే పెళ్ళికొడుకు మండపంలోకి అడుగుపెట్టేసరికే విడాకుల కాగితాలు సిద్ధం.

మీ పొద్దుటి పూజ చూడాలంటే ప్రసాద్స్ మల్టీప్లెక్స్ దగ్గరికే వెళ్ళాలి. ఆట వదిలీ వదలగానే బయట మైకుల గుంపు. ఒక కుర్రాడు గొంతు పోయేలా బ్లాక్‌బస్టర్ అన్నా, రాసిపెట్టుకో అంటాడు. వాడి వెనకే వచ్చినాయన డబ్బులు దండగ, పార్కింగ్ కూడా దండగ అంటాడు. మైకు పట్టుకున్న అమ్మాయి ఇద్దరికీ ఒకే నవ్వు నవ్వి, ఐదుకి ఎంత ఇస్తారు సార్ అని అడుగుతుంది. మధ్యాహ్నానికి నిర్మాత ఆఫీసులో కేకు కోస్తారు. సాయంత్రం సక్సెస్ మీట్. శనివారం పేపర్లో ప్రేక్షక దేవుళ్ళకు పాదాభివందనాలు. సోమవారం మార్నింగ్ షో క్యాన్సిల్, ఎందుకయ్యా అంటే దేవుళ్ళు పదిమంది కూడా రాలేదు.

ఇదంతా పెద్దవాళ్ళ సంగతి. వాళ్ళు ఎలాగో తట్టుకుంటారు, నాలుగు వారాలకి ఓటీటీలో తేలతారు. మీతో పాటు ప్రతి వారం నాలుగైదు చిన్న సినిమాలు కూడా దిగుతాయి చూడండి, నాకు బాధ వాటి గురించే. పేరు మన నోటికి అలవాటయ్యేలోపు వెళ్ళిపోతాయి. ఎవరో స్నేహితుడు చూసి, బాగుందిరా, వెళ్ళు అని చెప్పేసరికి ఆదివారం అవుతుంది, మనకి తీరిక దొరికేసరికి మంగళవారం అవుతుంది, యాప్ తెరిస్తే ఊరు మొత్తం మీద కొంపల్లిలో ఒక్క ఆట, అదీ పొద్దున పదిన్నరకి. మూడేళ్ళు తీసిన మనిషికి మీరిచ్చేది మూడు రోజులు. ఒకప్పుడు వంద రోజుల పోస్టర్లు వేసిన ఊరండీ ఇది, ఆ పోస్టర్ల మీద సెంటర్ల పేర్లు చదువుకోవడమే మాకు భూగోళం పాఠం.

ధరల సంగతి కూడా ఒక మాట. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఒక జీవో ఇచ్చింది: ఏసీ సింగిల్ స్క్రీన్లలో గరిష్ఠంగా 150, మల్టీప్లెక్సుల్లో 250, పైన జీఎస్టీ. చదివి సంతోషించాం. ఆ తర్వాత తెలిసిందేంటంటే ఆ జీవో మామూలు శుక్రవారాలకట, మీరు పెద్ద సినిమాతో పట్టుచీర కట్టుకుని వచ్చే రోజులకి విడిగా ఇంకో జీవో వస్తుందట. నాటకానికి మాత్రం సర్కారు ఎంత దయ చూపించిందో వినండి. టికెట్టు 500 లోపు ఉంటే అసలు జీఎస్టీయే లేదు! టికెట్టే పెట్టని నాటకాలకి పన్ను మినహాయింపు. బట్టతలకి దువ్వెన ఉచితం అన్నట్టు.

ఆ నాటకం కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నా. మీ రాజ్యం ఎక్కడిదాకా ఉందో చూడాలంటే ఓ సాయంత్రం ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో నిలబడండి. సంధ్య, సుదర్శన్, దేవి, సప్తగిరి. కటౌట్లు, దండలు, డప్పులు, రోడ్డు మధ్యలో ఆగిపోయిన బస్సులోంచి తల బయటపెట్టి హీరోని చూస్తున్న కండక్టరు. అక్కణ్ణుంచి చిక్కడపల్లి వైపు కాసేపు నడిస్తే సిటీ సెంట్రల్ లైబ్రరీ వస్తుంది. గ్రూప్స్‌కి చదివే పిల్లలు పొద్దుటినుంచి కూర్చుని సాయంత్రం ఆరింటికి టీ కోసం బయటికి వస్తారు. సగం మంది చూపు క్రాస్ రోడ్స్ వైపే. దగ్గర్లోనే త్యాగరాయ గానసభ, ఆ పూట అక్కడ ఉచితంగా నాటకం ఉన్నా వీళ్ళకి చెప్పే నాథుడు లేడు. గేటు మీద గుడ్డ బ్యానరు మాత్రం ఉంటుంది, అందులో నాటకం పేరు కంటే ముఖ్య అతిథి పేరు పెద్దది.

అంటే తప్పంతా మీదే అనను. ఆ మధ్య ఒక హాల్లో (ఏ హాలని అడక్కండి) నాటిక చూశాను. కార్డు మీద ఆరు గంటలు. ఆరున్నరకి జ్యోతి ప్రజ్వలన. తర్వాత వేదిక మీదికి ఒక్కొక్కరినీ పిలవడం, శాలువా, దండ, జ్ఞాపిక, ఫొటో, ఫొటోలో సరిగ్గా పడలేదని మళ్ళీ శాలువా. సమయాభావం వల్ల రెండే మాటలు అని మైకు అందుకున్న పెద్దాయన తను కాలేజీలో వేసిన ఆడవేషం దగ్గర మొదలుపెట్టారు. తెర పక్కనుంచి నెరిసిన విగ్గు పెట్టుకున్న నటుడు రెండుసార్లు తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఎనిమిదింటికి నాటిక మొదలైతే, ఎనిమిదిన్నరకల్లా హాలు మనిషి తాళంచెవుల గుత్తితో వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

కానీ ఆ అరగంటలో ఏం జరిగిందో చెప్తాను వినండి. తండ్రి వేషం వేసినాయన కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతుకుతున్నాడు, కొడుకు ఫోన్ చూసుకుంటూ ఏమో నాన్నా అంటున్నాడు. ముందు వరుసలో కూర్చున్న చిన్నపిల్లాడు ఆగలేక, తాతా, నెత్తి మీదుంది అని అరిచేశాడు. వాళ్ళమ్మ వాడి నోరు మూసేలోపే నటుడు వాడి వైపు తిరిగి, నీకు కనిపించింది, మావాడికి కనిపించలేదు చూశావా అన్నాడు. హాలు ఘొల్లుమంది, కొడుకు వేషం వేసిన అబ్బాయికి ఆ సిగ్గు నటించనక్కర్లేకుండానే వచ్చేసింది. మీ తెర ఎంత పెద్దదైనా చేసుకోండి, మావాళ్ళు పేపర్లు చింపి ఎగరేసి గొంతులు పోగొట్టుకుంటారు (నేనూ ఎగరేసినవాణ్ణే), హీరో మాత్రం ఒక్కసారి కూడా ఇటు తిరిగి జవాబు చెప్పలేదు.

గ్రాఫిక్స్ బాలేవని మీ సినిమాల్ని ఉతికి ఆరేసే పిల్లల్ని ఒకసారి సురభి నాటకానికి తీసుకెళ్ళాలని నా కోరిక. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన కుటుంబాలు, ఇప్పటికీ తాళ్ళూ కప్పీలూ రంగుల తెరలతోనే నారదుణ్ణి ఆకాశంలోంచి దింపుతారు, బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలుస్తాయి, పక్కన హార్మోనియం. 2013లో సురభి బాబ్జీ గారికి పద్మశ్రీ కూడా వచ్చింది. వాళ్ళ కాలనీ ఎక్కడో లేదు, శేరిలింగంపల్లిలోనే ఉంది. గచ్చిబౌలి మల్టీప్లెక్సుల నుంచి ట్రాఫిక్ లేకపోతే దగ్గరే, ట్రాఫిక్ ఉంటే మీ సినిమా రన్‌టైమంత.

మళ్ళీ ఇదేమన్నా చదువు లేని ఊరా. 1918లో ఉస్మానియా, 1974లో గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ, ఇంకా తెలుగుకొకటి, ఉర్దూకొకటి, ఇంగ్లీషుకొకటి. సెంట్రల్ యూనివర్సిటీలోనూ తెలుగు విశ్వవిద్యాలయంలోనూ రంగస్థలం ఏకంగా ఒక చదువు. వారాల తరబడి రిహార్సల్ చేసి పిల్లలు నాటకం వేస్తారు, పోస్టరు క్యాంటీన్ గోడ దాకా వస్తుంది, గేటు దాటదు. వాళ్ళ పబ్లిక్ టాక్ కోసం మైకు పట్టుకుని ఎవరూ నిలబడరు. ఐదుకి ఎంత అన్న ప్రశ్న మాత్రం తప్పదు, కాకపోతే అది ఇంటర్నల్ మార్కుల్లో.

మిమ్మల్ని ఎదిరించినవాళ్ళు అసలు లేరని కాదు. కరీంనగర్‌లో పుట్టి బొంబాయిలో హీరో అయి 1980కి ఫాల్కే అవార్డు అందుకున్న పైడి జైరాజ్ పేరు మీద రవీంద్రభారతిలో చిన్న ప్రివ్యూ థియేటర్ ఉంది, అక్కడ సినివారం అని పేరుపెట్టి శనివారాలు కొత్త కుర్రాళ్ళ సినిమాలు వేయడం మొదలుపెట్టారు. 1974 నుంచీ ఉన్న హైదరాబాద్ ఫిల్మ్ క్లబ్ వాళ్ళు ప్రపంచ సినిమా చూపిస్తున్నారు. బంజారాహిల్స్‌లో లామకాన్ 2010 నుంచి నాటకం, పాట, సినిమా, వాదన అన్నిటికీ చోటిస్తోంది, సమోసా చాయ్‌తో సహా, ఆ సమోసా మల్టీప్లెక్స్ సమోసాకి చుట్టం కూడా కాదు. అన్నీ ఉన్నాయి, కానీ ఏ రోజు ఏది ఎక్కడో తెలియాలంటే కనీసం ఆరు వాట్సాప్ గ్రూపుల్లో సభ్యత్వం ఉండాలి. మీ సినిమా విడుదల తేదీ మాత్రం మా అమ్మమ్మకి కూడా తెలుసు, సీరియల్ మధ్యలో ఐదుసార్లు చెప్తారు కాబట్టి.

కాబట్టి నా విన్నపం చిన్నది. మీ సింహాసనం జోలికి రాను. చిన్న సినిమాలకి ఒక్క ఆటైనా సాయంత్రం పూట వచ్చే గురువారం దాకా ఉండేలా చూడండి, రెండో వారంలో జనం వస్తారో రారో అదీ చూద్దాం. పేపర్లో మీకిచ్చే రెండు పేజీల్లో ఒక మూల ఆ వారం నాటకాలకి ఇప్పించండి, ఊరు, హాలు, టైము చాలు, నక్షత్రాలు అక్కర్లేదు. ఆ శాలువాల పెద్దల్ని కూడా మీ వైపు లాక్కోండి, సక్సెస్ మీట్లలో ఎంతమందికైనా చోటుంటుంది కదా, మాకు నాటకం ఆరింటికే మొదలవుతుంది.

ఈ మంగళవారం ఒక నాటిక ఉందని తెలిసింది, వెళ్తున్నాను, మా తమ్ముణ్ణీ లాక్కెళ్తున్నాను. మీ కొత్త సినిమా బుధవారం సెకండ్ షోకి చూస్తా, అప్పటిదాకా ఉంచితే.

ఇట్లు,
బాల్కనీలో ఓ మూల కూర్చునేవాడు

తా.క.: జవాబు రాయాలనిపిస్తే సోమవారం రాయండి. అప్పటికి మీకు పెద్దగా పనుండదు.