రెండు కాళ్ల చీడ

తోటలకు పట్టే చీడపీడల మీద పుస్తకాలకేం కొదవ లేదు. పేనుబంక, పిండినల్లి, బూడిద తెగులు, వేరుకుళ్లు... ఒక్కోదానికీ ఫొటో, లక్షణాలు, మందు. ఇన్ని రాసిన పెద్దలు అన్నిటికన్నా ప్రమాదకరమైన పురుగును మాత్రం ఎందుకు వదిలేశారో తెలియదు. దీనికి రెండు కాళ్లు, రెండు చేతులు. ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో నీళ్ల పైపు. ఇల్లు మారాక వచ్చే మొదటి ఆదివారం పొద్దున్నే బయటపడుతుంది. శాస్త్రీయ నామం ఇంకా ఎవరూ పెట్టలేదు. వాడుకలో 'కొత్త ఓనర్' అంటారు.

దీని జీవితచక్రాన్ని నేను చాలా దగ్గర్నుంచి గమనించాను. అద్దంలో.

పాత ఓనర్ తాళాలు చేతిలో పెడుతూ, "తోట తన పని తను చూసుకుంటుందండీ, మీరేం చెయ్యక్కర్లేదు" అన్నారు. మర్యాదకు అన్నారనుకున్నాను. అది హెచ్చరిక అని తర్వాత తెలిసింది.

ఈ పురుగు తొలిదశలో శుభ్రతతో విజృంభిస్తుంది. గోడ పక్కన ఏమీ మొలవని జాగా ఒకటి కనిపించింది. ఇంత మంచి చోటు వృథాగా వదిలేశారే అని జాలిపడి తవ్వాను. చిన్న ఉల్లిపాయల్లాంటి దుంపలు గుప్పెళ్లకొద్దీ బయటపడ్డాయి. ఏదో చెత్త పాతిపెట్టారనుకుని కంపోస్ట్ కుప్ప మీద పారేశాను. అదే పారతో తుంగ మీద కూడా యుద్ధం ప్రకటించాను. తుంగంటే పైకి కనిపించే నాలుగు ఆకులేనని నా అంచనా. నేల కింద అది గడ్డకూ గడ్డకూ ముడేసుకుని గొలుసులా సాగుతుంది. ఆ గొలుసు తెగితే నిద్రపోతున్న గడ్డలు లేచి మొలకలేస్తాయి. నేను చాలా శ్రద్ధగా తెంచాను. నా హయాంలో పచ్చదనం పెరగలేదని ఎవరూ అనలేరు.

రెండో దశ ప్రేమ. మొక్కలకు శుభ్రతకన్నా ఇదే ఎక్కువ ప్రాణాంతకం. పొద్దున ఓసారి, సాయంత్రం ఓసారి, మధ్యలో మనసాగక ఇంకోసారి పాదులు నింపేవాణ్ణి. వేళ్లకు నీళ్లతోపాటు గాలి కూడా కావాలి. మట్టి ఎప్పుడూ మునిగి ఉంటే అవి ఊపిరాడక కుళ్లిపోతాయి. కుళ్లిన వేళ్లు నీళ్లు పైకి పంపలేవు, దాంతో ఆకులు వాలిపోతాయి. వాలిన ఆకులు చూస్తే మనలాంటి వాళ్లకు ఏమనిపిస్తుంది? పాపం, దాహం వేస్తోందనిపిస్తుంది. మళ్లీ పైపు పట్టుకుంటాం. హంతకుడే రోజూ వచ్చి గ్లూకోజ్ ఎక్కించి వెళ్లే ఆసుపత్రి ఇదొక్కటే అనుకుంటా.

మందారం మీద పేనుబంక కనిపించినప్పుడు మాత్రం నా ప్రతిభ పూర్తిగా బయటపడింది. దాని పక్కనే నల్లగా, ముళ్లముళ్లుగా, నారింజ మచ్చలతో బుల్లి మొసళ్లలాంటి పురుగులు తిరుగుతున్నాయి. నేరస్థుణ్ణి మొహం చూసి పట్టేసే అలవాటు కదా! ఒక్కొక్కటే ఏరి చంపాను. అవి అక్షింతల పురుగు పిల్లలట. పేనుబంకను వందలకొద్దీ తినేది అవేనట. పేనుబంక వదిలే తీపి జిగురుకు ఆశపడి, ఈ పురుగులు దాని దగ్గరికి రాకుండా చీమలు కాపలా కాస్తాయి. ఆ డ్యూటీ జీతం, జిగురు ఏమీ తీసుకోకుండా నేనే చేసిపెట్టాను.

ఇక గులాబీ సంగతి. పైన కొమ్మలు నీరసంగా ఉన్నాయి. మొదట్లోంచి మాత్రం ఒక పిలక ఏపుగా లేచింది. కష్టపడేవాణ్ణే ప్రోత్సహించాలన్నది నా సిద్ధాంతం. పిలకకు కర్ర కట్టి, ఎరువేసి, అడ్డొచ్చిన పాత కొమ్మలు కత్తిరించేశాను. రెండు నెలలకు పక్కింటి పెద్దావిడ గోడ మీంచి తొంగిచూసి, "బాబూ, అది అంటు కిందనుంచి వచ్చిన అడవి పిలక. మొదట్లోనే పీకెయ్యాలి. అసలు గులాబీ ఏదీ?" అన్నారు. సమాధానం కంపోస్ట్ కుప్పలో ఉంది. హైడ్రాంజియా గురించి ఆవిడ అడగలేదు, నేనూ చెప్పలేదు. దాంట్లో చాలా రకాలు వచ్చే ఏడు పూసే మొగ్గల్ని ఈ ఏడు కొమ్మల మీదే సిద్ధం చేసుకుంటాయి. నేను దానికి నీటుగా సమ్మర్ క్రాఫ్ చేశాను.

నివారణ ఉంది. మొదటి 12 నెలలు పురుగు చేతికి కత్తెర, పార అందకుండా చూసి, నోట్‌బుక్ ఇవ్వాలి. ఏ నెలలో ఏం మొలిచింది, ఏం పూసింది, ఎండ ఎక్కడిదాకా వచ్చింది అని రాసుకుంటూ కూర్చోవాలి. ఎండిన కొమ్మలు తియ్యడం, వేలు పెట్టి చూస్తే మట్టి పొడిగా ఉన్నప్పుడు నీళ్లు పొయ్యడం, అంతవరకే అనుమతి. ఈ చికిత్స తట్టుకున్న పురుగును నేనింతవరకు చూడలేదు. నా నోట్‌బుక్ మూడో పేజీ దాటలేదు.

మొదటి పెద్ద వాన పడ్డ నాలుగైదు రోజులకు కంపోస్ట్ కుప్ప గులాబీ రంగులోకి మారింది. నేను విసిరేసిన దుంపలన్నీ రెయిన్ లిల్లీలై, కుళ్లిన ఆకుల మధ్యనుంచి గుంపుగా తలలెత్తి నిలబడ్డాయి. గోడ అవతల పెద్దావిడ మురిసిపోయారు.

"కుప్ప మీద లిల్లీలా! ఎవరి ఐడియా బాబూ?"

"నాదేనండీ," అన్నాను. "వచ్చిన మొదటి ఆదివారమే ప్లాన్ చేశాను."